ప్రిన్సిపల్ లేనందున

మేడమ్ పోయారని మొన్న మంగళవారం పొద్దున వాట్సాప్‌లో వచ్చింది. మా పాత బడి సిబ్బంది గ్రూపులో ఎవరో పెట్టారు. విజయవాడలో, ఆస్పత్రిలో, నిద్రలోనే పోయారట. నేనప్పుడు కందిపప్పు కడుగుతున్నాను. ఫోను పక్కన పెట్టి, పప్పు ఇంకోసారి కడిగి, కుక్కర్లో వేసి మూత బిగించాను. ఎవరి దగ్గర్నుంచి అని మా ఆయన అడిగాడు. బోర్డు మేడమ్ పోయారని చెప్పాను. ఆయన వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరం కుక్కరు కూతలు వింటూ ఉండిపోయాం. అప్పట్నుంచి ఏడుపు వస్తుందేమోనని చూస్తున్నాను. రాలేదు. రాస్తే వస్తుందేమో తెలియదు. రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. ఆవిడ టీచరు కాదు. కువైట్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. అక్కడే ఉన్న మా ఇండియన్ బడిని నడిపే బోర్డుకి సెక్రటరీ. పిల్లల తల్లిదండ్రులే ఓట్లు వేసి ఆ బోర్డును ఎన్నుకునేవాళ్ళు. జీతం ఉండదు. వచ్చే ఏడాది ఎన్ని సెక్షన్లు ఉండాలి, ఎంతమంది టీచర్లు కావాలి, ఏ బస్సు ఎక్కడి దాకా పోవాలి, వెనకబడ్డ పిల్లలకి ఏం చెయ్యాలి, ఇవన్నీ బోర్డే తేల్చేది. మిగతా సభ్యులు మీటింగుకి వచ్చి, సమోసా తిని, చేతులెత్తి వెళ్ళేవాళ్ళు. ప్లాను కాగితాలన్నీ మేడమ్ చేతి రాతే.

ఆ ప్లాను ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేవారు. పెన్నుతో రాస్తే దాని మీద మమకారం పుడుతుందమ్మా, తర్వాత కొట్టెయ్యడానికి చెయ్యి రాదు అనేవారు. ఏ ఖర్చు మాట వచ్చినా ఒకటే ప్రశ్న అడిగేవారు: "దీనివల్ల ఏ క్లాసు పిల్లలకి ఏం మారుతుంది?" ఒక ఏడాది గేటు దగ్గర పెద్ద కమాను కట్టిద్దామని బోర్డులో అందరూ ఉత్సాహపడ్డారు. మేడమ్ ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురు చూశారు. అప్పుడావిడ చెప్పారు, ముందురోజు ఇంటర్వెల్లో మంచినీళ్ళ వరసలో వాచీ చూసుకుంటూ నిలబడ్డానని, చివరి పిల్ల కుళాయి దాకా వచ్చేసరికి గంట కొట్టేశారని. కమాను పోయింది. రెండో అంతస్తులో ఇంకో రెండు వాటర్ కూలర్లు వచ్చాయి.

కూరగాయల కట్టలకు వచ్చే రబ్బరుబ్యాండ్లు తీసి చేతికి వేసుకునేవారు, కాగితాల కట్టలకి పనికొస్తాయని. మేడ మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి, ఆయాసపడుతున్నట్టు కనపడకుండా గోడమీద బొమ్మలు చూసేవారు. చిన్న క్లాసుల పిల్లలు ఆవిడ్ని చూస్తే పరుగు ఆపి నడిచేవాళ్ళు.

నేను ఆ బడిలో తెలుగు టీచర్ని. మాది కడప. మా ఆయన హవల్లీ అనే పేటలో టీవీలు, టేప్‌రికార్డర్లు అమ్మే దుకాణంలో పని చేసేవాడు. బడికి రెండు వీధుల అవతల మా ఫ్లాటు. తొంభయ్యో సంవత్సరం జూన్‌లో, వేసవి సెలవులకి బడి మూసే ముందు, మేడమ్ వరండాలో నన్ను ఆపారు. వచ్చే ఏడాది ప్లానులో నా ఉద్యోగం లేదని చెప్పారు. తెలుగు తీసుకున్న పిల్లలు పదకొండు మంది. అయిదో క్లాసుకి వచ్చినా కూడబలుక్కుని చదవడం కూడా రానివాళ్ళు ముప్పై మందికి పైనే ఉన్నారు. వాళ్ళ కోసం ఒక గదీ ఒక టీచరూ కావాలి. రెండూ పెట్టడానికి లేదు. "కాగితం పంపి ఊరుకోవచ్చు. నా నోటితోనే చెప్పాలని వచ్చాను" అన్నారు. ఆ వేసవంతా ఆవిడ్ని తిట్టుకున్నాను. మా ఆయన విని విని, ఆవిడ లెక్క తప్పేమీ కాదు కదా అన్నాడు. ఆయనతో కూడా రెండురోజులు మాట్లాడలేదు.

ఆ ప్లాను పూర్తి కాలేదనే మేడమ్ సెలవులకి ఊరు వెళ్ళకుండా ఆగిపోయారు. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ ముందు పంపించారు. ఆ పిల్లలిద్దరూ మా బడిలోనే చదివేవాళ్ళు. ఆగస్టు రెండో వారంలో మీటింగు పెట్టి, అది అయిపోగానే విమానం ఎక్కాలని ఆవిడ అనుకున్నారు.

ఆగస్టు రెండున తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ చప్పుళ్ళకి మేం మొదట ఏదో కట్టడం కూలుతోందనుకున్నాం. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ట్యాంకు. మా ఏడేళ్ళ పాప దాన్ని చూసి ఎంత నెమ్మదిగా పోతోందో అంది. అంతే. నాకు ఆ రోజు గురించి గుర్తున్నది అదే. ఆ తర్వాతి రోజులు ఒకదానిలోంచి ఒకటి విడదీయలేను. ఖుబ్జ్ కోసం రొట్టెల కొట్టు ముందు నిలబడటం, ఇంటికి రావడం, మళ్ళీ నిలబడటం. ఫోన్లు లేవు. మా ఆయన పనిచేసే దుకాణం షట్టరు పగలగొట్టి టీవీలన్నీ లారీల్లో ఎత్తుకుపోయారు. ఆయన వచ్చి, ఖలాస్ అని ఒక్క మాట చెప్పి, చెప్పులు విడిచి పడుకున్నాడు.

పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే మేడమ్. ఆస్పత్రి నుంచి నడిచి వచ్చినట్టున్నారు, చెప్పులనిండా దుమ్ము. బస్రా మీదుగా జోర్డాన్ దాకా పోయే బస్సులు మొదలవుతున్నాయని, మనవాళ్ళంతా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతారని చెప్పారు. బడి నుంచి టీసీ లేకుండా ఇండియాలో ఏ స్కూలూ చేర్చుకోదు. పది, పన్నెండు క్లాసుల పిల్లలకైతే ఆ ఏడాది పరీక్షే ఉండదు. ప్రిన్సిపల్ సెలవులో ఇండియాలో ఉన్నారు. బోర్డు అధ్యక్షుడు లండన్‌లో ఉన్నాడు. గుమాస్తాలు లేరు.

"నీకు టైపు వచ్చు, చేతిరాత బావుంటుంది. వస్తావా?"

"మీ ప్లానులో నేను లేను కదా మేడమ్."

"లేవు. అయినా అడగడానికి వచ్చాను."

కొంచెం నీళ్ళు తాగి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. బతిమాలలేదు. నేను రాత్రంతా ఆలోచించి ఉంటానని మీరు అనుకోవచ్చు. లేదు. మర్నాడు వంట అయ్యాక చీర మార్చుకుని వెళ్ళాను. ఇంట్లో కూర్చోవడం కంటే అది నయం అనిపించింది.

బడి తాళాలు హారిస్ దగ్గర ఉండేవి. హారిస్ అంటే కువైట్‌లో కాపలా మనిషి. రాయచోటి వైపు నుంచి వచ్చినతను. గేటు తీయడానికి వెనకాడాడు. "తాళంచెవి నాకాడే ఉండాది మేడమ్. మూలమీద మిలిట్రీవోళ్ళు సూస్తాండారు. లోపలికి పోయినాక మీకేమన్నా అయితే నేనేం జెప్పల్ల?" అన్నాడు. "నేను బోర్డు మనిషిని, నా మాట మీద తీశానని చెప్పు" అన్నారు మేడమ్. అతను తీశాడు. ఆ రోజు నుంచి మాతోపాటు లోపలే ఉన్నాడు.

మేడమ్ పొద్దున ఆస్పత్రికి వెళ్ళి, మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ మొదలయ్యే వరకు బడిలో ఉండేవారు. అడ్మిషన్ రిజిస్టర్లు బల్లల మీద పరిచి, పెద్ద క్లాసుల నుంచి మొదలుపెట్టాం. నేను టైపు చేస్తే ఆవిడ రిజిస్టరుతో సరిచూసి, సీలు వేసి, సంతకం పెట్టేవారు. సంతకం కింద ప్రతి కాగితం మీదా ఇంగ్లీషులో ఒక వాక్యం రాసేవారు. తెలుగులో చెప్పాలంటే, 'ప్రిన్సిపల్ లేనందున, బోర్డు తరఫున.' ఎంత చెయ్యి నొప్పి పుట్టినా ఆ ముక్క పొట్టి చెయ్యలేదు. టీసీలు ఇస్తున్నారన్న మాట రొట్టెల కొట్టు వరసల్లో పాకింది. నాలుగోరోజుకి గేటు ముందు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు.

బోర్డు సభ్యుల్లో ఇంకొకాయన కూడా ఊళ్ళోనే ఉండిపోయారు. కోశాధికారి, హైదరాబాదాయన. ఒకరోజు వచ్చి మెల్లగానే చెప్పారు, సంతకం పెట్టే హక్కు ప్రిన్సిపల్‌కి తప్ప ఎవరికీ లేదని, రేపు ఎవరైనా అడిగితే మేడమ్ జైలుకైనా పోవాల్సి రావచ్చని. మేడమ్ ఆయన చెప్పింది పూర్తిగా విన్నారు. ఆయన అన్నది నిజమేనని ఒప్పుకున్నారు. అని తర్వాతి కాగితం తీసుకున్నారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, సీలు తన చేతిలోకి తీసుకున్నారు. ఆ రోజు కర్ఫ్యూ వేళ దాకా ఆయనే సీలు వేశారు. సంతకం మాత్రం పెట్టలేదు.

ఆ వారంలోనే మిష్రిఫ్ పేట నుంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. అక్కడి విల్లాల్లో ఇంటిపని చేసేవాళ్ళు. యజమానులు ఎడారి దారిన సౌదీకి వెళ్ళిపోతే మిగిలిపోయినవాళ్ళు. మొదట వచ్చినామె మా కడప జిల్లా మనిషే. ఏం జరిగిందని మేడమ్ అడిగితే, వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"తెల్లారేలోగా కార్లేసుకోని పోయినారు. ఫ్రిజ్‌లో కోడి ఉండాది, వండుకోమని మామా, అదే ఆ ఇంటామె, జెప్పింది. నాలుగు దినాలు తిన్యా. అయిపోయింది. వచ్చేసినా."

బడి పిల్లల కోసమేనన్నది బోర్డు నిబంధన. అయినా మేడమ్ వాళ్ళ కోసం కింది అంతస్తులో అయిదు గదులు తీయించారు. బెంచీలు బయట వేయించి, బడి క్యాంటీన్ స్టోరులోని బియ్యం, పప్పు తీయించారు. బోర్డు గదిలోని నల్లబల్ల మీద మర్నాటికి ప్లాను రాసేవారు: ఎంతమంది ఉన్నారు, ఎంత బియ్యం, నీళ్ళు ఎవరు పట్టాలి, బస్సు కోసం వేచి ఉన్న పిల్లల్ని ఏ గదిలో ఎవరు చదివించాలి. ఏడాది ప్లాను వేసే మనిషి ఒక్కరోజుకి ప్లాను వేసేవారు. అది కూడా అంతే శ్రద్ధగా. చదివించే పని నాకూ పడింది. అయిదో క్లాసుకి వచ్చినా చదవడం రాని పిల్లల్లో ఆరుగురు అక్కడే ఉన్నారు. వాళ్ళని నా ముందు కూర్చోబెట్టి మేడమ్ వెళ్ళిపోయారు. ఆవిడ జూన్ నాటి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం సైనికులు లోపలికి వచ్చారు. వాళ్ళతో ఒక అధికారి, మీసాలు నెరిసినవాడు. కూలర్లు, ఫ్యాన్లు, నా ముందున్న టైపుమిషను అన్నీ లారీకెత్తమన్నాడు. కాగితం ఇంకా మిషన్లోనే ఉంది. మేడమ్ దాన్ని తిప్పి బయటికి తీసుకున్నారు. అతను బల్ల మీది రిజిస్టరు అందుకున్నాడు. అప్పుడు మాత్రం ఆవిడ లేచి నిలబడ్డారు. ఆస్పత్రిలో నేర్చుకున్న అరబ్బీలో, ఇవి పిల్లల పేర్లు, వేరే ఏమీ లేదు అని చెప్పారు. అతను పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. తర్వాత రిజిస్టరు మూసి, ఏదో అంటూ మేడమ్ చేతికే ఇచ్చాడు. తనకి ఎంతమంది పిల్లలో చెప్పాడని ఆవిడ తర్వాత అన్నారు. ఆ రోజు నుంచి టీసీలు చేత్తోనే రాశాం. అచ్చు ఫారాలు అయిపోయాక, ఖాళీ పరీక్ష జవాబు పత్రాలు చింపి వాటి మీద రాశాం.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఒక తండ్రి. కొడుకు ఏప్రిల్‌లో తొమ్మిదో క్లాసు తప్పాడు. ఆయన నన్నూ మేడమ్‌నీ బతిమాలాడు, పాసయ్యాడని రాయమని. ఎవరు చూస్తారు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు. నేనైతే రాసేసేదాన్ని. కలం తీశాను కూడా. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అన్నయ్యగారూ, నాకు లేని అధికారంతో సంతకం పెడుతున్నాను. దీంట్లో అబద్ధం కూడా కలిపితే మిగతా పిల్లల కాగితాలకి విలువుండదు. మీవాడు మళ్ళీ తొమ్మిది చదువుతాడు. చదవనివ్వండి."

ఆయన నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు. నీ పిల్లలు హాయిగా అక్కడున్నారు కాబట్టి నీకు తెలియదన్నాడు. మేడమ్ ఆయన మొహంలోకి చూస్తూ అన్నీ విన్నారు. అబ్బాయి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. తొమ్మిది తప్పినట్టే టీసీ రాసి ఇచ్చాం. ఆ రోజు మేడమ్ ఇంకేమీ తినలేదు.

సెప్టెంబరు మధ్యలో మాకు బస్సు దొరికింది. వెళ్తున్నామని చెప్పడానికి బడికి వెళ్ళాను. మా పాప టీసీతోపాటు నాకొక కాగితం ఇచ్చారు. నేను అక్కడ మూడేళ్ళు టీచరుగా పనిచేశానని, పని బాగుందని. కింద మామూలు వాక్యమే. నాకు మళ్ళీ ఉద్యోగం దొరకాలని రాశారు. మా పక్కన ఒక సీటు ఖాళీ ఉంది. మా ఆయన మేడమ్‌ని అడగమన్నాడు. నేను అడగలేదు. అడిగినా రారని అనుకున్నాను. రారని తెలుసు కూడా. కానీ అడిగి ఉండాల్సింది. ఇన్నేళ్ళయినా ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి నా తల పనిచేయడం మానేస్తుంది.

బస్రా, బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దులో గుడారాలు, అమ్మాన్, బొంబాయి. ఆ దారి గురించి వేరే వాళ్ళు రాశారు, నాకు కొత్తగా చెప్పడానికి లేదు. కడపలో స్కూలు హెడ్మాస్టరు జవాబు పత్రం మీద రాసిన మా పాప టీసీని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ వాక్యం గట్టిగా చదివి, చేర్చుకున్నాడు.

యుద్ధం ముగిసి, బడి తెరిచాక మళ్ళీ వచ్చాం. మా ఆయన పాత కఫీలే, అంటే పూచీపడే కువైటీ యజమానే, మళ్ళీ వీసా తీశాడు. బడిలో తెలుగు లేదు, ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. కొత్త బోర్డు మొదటి పని, ల్యాబు ఉద్యోగానికి తిరిగొచ్చిన మేడమ్‌ని పిలిపించడం. టీసీలు ఎవరి అధికారంతో ఇచ్చారు, బడి సరుకు బయటివాళ్ళకి ఎవరిని అడిగి పెట్టారు, ఇదీ విచారణ. మాటలన్నీ రాసుకోవడానికి నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు. మేడమ్ సమాధానం చిన్నదే. అధికారం లేదు, ఎవరినీ అడగలేదు, ఏం చేశానో రిజిస్టరులో రాసి పెట్టాను అన్నారు. కోశాధికారి గారు గ్లాసులో నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఆ గదిలో నేను కూడా ఒక మాట చెప్పగలిగేదాన్నే. చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చి నెల కాలేదు.

కొత్త అధ్యక్షుడు రిజిస్టరు తెప్పించుకున్నాడు. ఇచ్చిన ప్రతి టీసీ వరసగా, తేదీతో ఉంది. ఆయన ముందు నుంచి పేజీలు తిప్పుతూ పోయి, చివరి పేజీ దగ్గర ఆగాడు. అక్టోబరులో, గేటు ముందు ఇంకెవరూ లేనప్పుడు, చిట్టచివర రాసిన రెండు పేర్లు మేడమ్ కొడుకులవి. అప్పటిదాకా వాళ్ళకి రాయలేదు. ఆ కాగితాలు పట్టుకుని ఆవిడ విజయవాడ చేరేసరికి అక్కడి స్కూళ్ళలో అర్ధసంవత్సరం పరీక్షలు కావస్తున్నాయి. పెద్దవాడికి ఆ ఏడాది పోయింది. ముందే ఎందుకు రాసుకోలేదని అధ్యక్షుడు అడిగాడు. "వాళ్ళ వంతు రాలేదండీ" అన్నారు మేడమ్. అది నేను మినిట్స్‌లో రాశాను. మీటింగు అయ్యాక కొట్టెయ్యమన్నారు, అనవసరమని. కొట్టేశాను.

చర్య ఏమీ తీసుకోలేదు. తర్వాతి ఎన్నికల్లో మేడమ్ నిలబడనూ లేదు, ఎవరూ నిలబడమనీ అడగలేదు. రిటైరయ్యే దాకా ల్యాబులోనే పనిచేశారు. అప్పుడప్పుడూ బస్‌స్టాపు దగ్గర కనిపించేవారు. ఆ రోజుల గురించి ఒక్కసారే అడిగాను, దేనికైనా బాధపడుతున్నారా అని. ఆ తొమ్మిదో క్లాసు అబ్బాయి ఏమయ్యాడో తెలియలేదమ్మా అన్నారు. చదవడం రాని పిల్లలకి ఒక టీచరు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది, వేరే బోర్డు హయాంలో. ఆ సంగతి నేనే ఫోను చేసి చెప్పాను. ఎన్ని పీరియడ్లు ఇచ్చారు అని అడిగారు.

ఆవిడ కువైట్ వదిలి వెళ్ళే ముందురోజు ఇద్దరం హవల్లీలో మందుల కొట్టుకి వెళ్ళి నడుచుకుంటూ వస్తున్నాం. దారిలో ఏదో బడి వదిలారు. మాది కాదు, పేరు కూడా నాకు తెలియదు. చిన్నపిల్లలు బ్యాగులతో రోడ్డు అంచున ఆగిపోయారు. కార్లు ఆగడం లేదు. మేడమ్ చేతిలోని మందుల సంచీ నాకిచ్చి, రోడ్డు మధ్యకి వెళ్ళి కుడిచెయ్యి ఎత్తారు. ఒక తెల్లకారు ఆగింది. దాని వెనక మిగతావి ఆగాయి. పిల్లలు ఆవిడ వైపు చూడకుండానే, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దాటిపోయారు. ఆఖరి పిల్ల కూడా అవతలి గట్టు ఎక్కింది. మేడమ్ చెయ్యి దించలేదు. బడి గేటు వైపు చూస్తూ, ఇంకా ఎవరైనా వస్తారేమోనని, ఎండలో అలాగే నిలబడ్డారు. కారులో మనిషి హారన్ కొట్టలేదు.